జామ తోట: ఎకరానికి 108 చెట్లా, 2000 మొక్కలా?

గౌతమి లంక రైతు:
అందరికీ నమస్కారమండి. గౌతమి పక్కన లంకలో మాకు రెండెకరాల జామ తోట ఉంది. మా నాన్నగారు 20 అడుగుల ఎడంతో లక్నో-49 రకం వేశారు, ఎకరానికి 108 చెట్లు. చెట్లు ముసలివైపోయాయి, తీసేసి కొత్తవి వేయాలి. మా అన్నయ్య కొడుకు తైవాన్ పింక్ రకం తెచ్చి 2 మీటర్ల సాళ్లలో మీటరుకొకటి చొప్పున ఎకరానికి 2000 మొక్కలు వేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మొన్న అలాంటి తోటలో ఒక కాయ కొరికి చూశాను. చూపుకి నిగనిగలాడుతోంది, నోట్లో పెడితే చప్పగా ఉంది. ఒత్తుగా వేస్తే రుచి తగ్గుతుందా, లేక అది ఆ తోట చేసినాయన లోపమా?

కడియం కుర్రోడు:
లోపం ఎడానిది కాదు బాబాయ్, కత్తెరది. ఇంత ఒత్తుగా వేసే పద్ధతిని లక్నోలోని కేంద్ర ఉపోష్ణ మండల ఉద్యాన సంస్థ వాళ్లు జామలో చేసి చూపించారు. జామకి పూత కొత్త చిగురు మీదే వస్తుంది, కిటుకంతా అక్కడే ఉంది. నాటిన రెండు నెలలకే మొక్కని 60-70 సెంటీమీటర్ల ఎత్తులో కోసేస్తారు. తర్వాత వచ్చిన రెమ్మల్ని సగానికి కత్తిరిస్తారు. అలా ఏడాదికి మూడు దఫాలు. మీరు కాయ తిన్న తోటలో కత్తెర పడి ఉండదు. అయినా 20 అడుగుల ఎడంలో చెట్టు గొడుగులా పరుచుకునేదాకా మధ్య జాగా ఊరికే పడుంటే, ఈ కౌలు రేట్లకి ఎవరు తట్టుకుంటారు?

గుత్త వ్యాపారి, రావులపాలెం:
నేను తోటలు గుత్తకి తీసుకుంటాను, కాబట్టి డబ్బు పోయేది నాది. ఒత్తు తోటల్లో రెండో ఏడు, మూడో ఏడు కాయ బాగానే ఉంటుంది. సాలు సాలు కలిసిపోయాక మొదలవుతుంది బాధ. లోపలి కాయ సైజు రాదు, రంగు తిరగదు. అంతకన్నా నన్ను దెబ్బతీసేది యూరియా మీద పెరిగిన కాయ. కోసినప్పుడు గట్టిగానే ఉంటుంది, క్రేటులో ఒక రాత్రి ప్రయాణం చేసి దిగేసరికి అడుగు వరస మెత్తబడిపోతుంది. పొటాష్ బాగా వేసిన తోట కాయ అదే లారీలో చెక్కుచెదరకుండా దిగుతుంది. చిక్కగా వేశారా పల్చగా వేశారా అని నేను అడగను, ఏం వేసి పెంచారని అడుగుతాను.

నల్లరేగడి రైతు, ఉండి:
లంక మట్టి వేరు, మాది వేరు. కాలువ నీళ్లు వదిలారంటే మా చేలో అడుగున్నర తవ్వితే నీరు తగులుతుంది. 3 మీటర్ల ఎడంలో వేశాం. నాలుగో ఏడు వానల్లో ఒక కొమ్మ ఆకులు పసుపు తిరిగాయి, చూస్తుండగానే చెట్టంతా ఎండిపోయింది. పీకితే వేళ్ల నిండా బుడిపెలు, నులిపురుగు. అంటు మొక్క మట్టితోపాటే వచ్చింది. ఒత్తు తోటలో వేరూ వేరూ కలిసి ఉంటాయి కాబట్టి పక్క చెట్లకీ పాకింది. దయచేసి మొక్కలు కొనేముందు ఒక సంచి చింపి వేళ్లు చూడండి. బరువు నేలలో ఎత్తు బోదెలు వేయనిదే జామ జోలికి పోకండి.

ఉద్యాన విద్యార్థిని, వెంకట్రామన్నగూడెం:
మోతాదు దగ్గర చాలామంది పొరపడుతున్నారు. ముదురు చెట్టుకి చెప్పిన ఎరువునే ఒత్తు తోటలో ప్రతి మొక్కకీ వేస్తే, 108కి బదులు 2000 మొక్కలు కాబట్టి ఎకరానికి పద్దెనిమిది రెట్లు పడుతుంది. నత్రజని అంత ఎక్కువైతే చెట్టు ఆకు మీదకి పోతుంది, ఆకు గుబురై నీడ పెరుగుతుంది, కాయలో తీపి తగ్గుతుంది. అలాగని పాత ఎకరం మోతాదునే 2000 మొక్కలకి పంచితే కూడా చాలదు, ఎకరం నుంచి బయటికి పోయే కాయ ఎక్కువ కదా. మొక్కకి తక్కువ, ఎకరానికి ఎక్కువ, అదీ డ్రిప్‌లో చిన్న చిన్న వాయిదాల్లో ఇవ్వాలి. లంక ఇసుక నేలలో ఒకేసారి గుమ్మరించిన ఎరువు ఒక్క వానకి వేళ్ల కిందకి జారిపోతుంది.

ఆకులో తయారైన చక్కెరని కాయకి చేర్చడానికి పొటాష్ కావాలి. పిందె గోలీకాయంత ఉన్నప్పుడు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకి 10 గ్రాములు పిచికారీ చేయొచ్చు. కాయ పగులుతుంటే బోరాన్, ఆకు చిన్నదై ఈనెకీ ఈనెకీ మధ్య పసుపు తేలితే జింకు చూసుకోవాలి. భూసార పరీక్ష చేయించకుండా వేయకండి.

ఇంకొకటి, మీరు చప్పటి కాయ తిన్నది ఏ నెలలో? వానాకాలం కాయ ఏ ఎడంలోనైనా చప్పనే, పైగా పండు ఈగ. కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో తోటని ఎండబెట్టి, కొమ్మలు కత్తిరించి, జూన్‌లో నీరూ ఎరువూ ఇస్తే చలికాలంలో కాయ దిగుతుంది. తీపీ విటమిన్ సీ దానిలోనే ఎక్కువ.

కడియం కుర్రోడు:
నెల సంగతి నాకు తట్టలేదు మేడం. యూరియా విషయంలో గుత్త వ్యాపారి గారిదే నిజం. కానీ కత్తెర మాట మీద నేను నిలబడే ఉన్నాను.

గౌతమి లంక రైతు:
నేను తిన్నది ఆగస్టులోనే అమ్మా. మీరంతా రాసింది చదివి ఇవాళ పొద్దున్న మా పాత చెట్టు ఒకటి ఎక్కాను. పైన దక్షిణం వైపు ఎండ తగిలే కొమ్మ కాయలు కోసి తూచాను, కిలోకి ఐదు తూగాయి. చెట్టు నడుమ పంగలో నీడన కాసినవి ఎనిమిది పట్టాయి. రెండూ కోసి మా ఆవిడకి చెప్పకుండా పెట్టాను. పై కాయ అంతా తినేసింది, లోపలిది ఒక ముక్క కొరికి వదిలేసింది. ఒకే చెట్టు, ఒకే ఎరువు. 108 చెట్ల తోటలోనూ నీడ కాయ నీడ కాయేనన్నమాట. నేను ఇన్నాళ్లూ కత్తెర పట్టలేదు.

2000 మొక్కలకి ఏడాదికి మూడుసార్లు కత్తెర వేయించే శక్తి మాకు లేదు. 10 అడుగుల ఎడంలో బోదెల మీద వేస్తాం, ఎకరానికి 435 వస్తాయి. అబ్బాయిని ఒప్పించాను. కడియం తమ్ముడూ, జామ కత్తిరింపు చేతికొచ్చిన మనిషి మీ వైపు ఉంటే చెప్పు, మొదటి ఏడాది పక్కనే నిలబడి నేర్చుకుంటాను.

కడియం కుర్రోడు:
ఉన్నారు బాబాయ్. మొక్కలు నాటిన రోజు చెప్పండి, రెండు నెలలకి నేనే తీసుకొస్తాను.