ఎలెనా రుంగ్గాల్డియర్ వెండి పతకం: పొగమంచులో కలిసొచ్చిన అదృష్టమా?

బెజవాడ76:
నిన్న రాత్రి పాత స్కీ జంపింగ్ (కాళ్లకి స్కీలు కట్టుకుని మంచు వాలు మీంచి గాల్లోకి దూకే ఆట) వీడియోలు చూస్తుంటే 2011 ఓస్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఆడవాళ్ల పోటీ కనపడింది. మిడ్‌స్టుబాకెన్ నార్మల్ హిల్, అంటే చిన్న సైజు జంపింగ్ కొండ. తెర నిండా పొగమంచే. అమ్మాయి టేకాఫ్ దగ్గర మాయమవుతుంది, కాసేపటికి కింద వాలు మీద తేలుతుంది. ఆస్ట్రియా డానియెలా ఇరాష్కోకి బంగారం, ఇటలీ ఎలెనా రుంగ్గాల్డియర్‌కి వెండి, ఫ్రాన్స్ కోలిన్ మాటెల్‌కి కంచు.

ఇటలీ అభిమానులు ఎలెనాని గొప్ప జంపర్ అంటారు. నాకు ఒప్పబుద్ధి కావట్లేదు. ఆ తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఆమెకు ఇంకో వ్యక్తిగత పతకం రాలేదు. సీజన్ పొడుగునా వరసగా జరిగే వరల్డ్ కప్ పోటీల టైటిల్ దరిదాపుల్లోకీ రాలేదు. అలాంటి వాతావరణంలో ఒక్కరోజు కలిసొచ్చిందని కెరీర్ మొత్తాన్ని గొప్పదనొచ్చా? మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
పొగమంచుకీ గాలికీ తేడా ఉంది బాబూ. పొగమంచు అందరి కళ్లకూ అడ్డమే. దూరాన్ని మార్చేది గాలి. ఎదురుగాలి స్కీల కింద దూరి మనిషిని పైకి లేపి ఉంచుతుంది, వెనకగాలి కిందికి నొక్కేస్తుంది. అందుకే గాలిని కొలిచి పాయింట్లు కలపడం, తీసేయడం అప్పటికే వచ్చింది. మన క్రికెట్‌లో వానపడితే డక్‌వర్త్ లూయిస్ లెక్క ఉన్నట్టే. పూర్తి న్యాయం జరుగుతుందనను, కానీ ఉత్త లాటరీ కాదు.

పైగా రెండు జంప్‌లు కలిపి చూస్తారు. నార్మల్ హిల్ మీద మీటరుకి 2 పాయింట్లు. ఐదుగురు జడ్జీలు 20కి మార్కులేస్తే ఎక్కువదీ తక్కువదీ కొట్టేసి మూడింటిని కలుపుతారు. దూరం దూకి, నేల తాకేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాలు వంచే టెలిమార్క్ సరిగ్గా పడకపోతే ఆ మార్కులు పోతాయి. రెండుసార్లూ అదృష్టమే దూకించిందంటే నేను నమ్మను.

సిక్కోలు:
బెజవాడ అన్నా, మీ ప్రశ్న ఓస్లోలో మొదలైంది. ఒక ఏడాది వెనక్కి వెళ్లండి. 2010లో జర్మనీలోని హింటర్‌జార్టెన్‌లో జూనియర్ ప్రపంచ పోటీలు జరిగాయి. బంగారం ఎలెనాది. కంచు అమెరికా సారా హెండ్రిక్సన్‌ది. ఈ హెండ్రిక్సనే 2011 డిసెంబర్‌లో లిల్లెహామర్‌లో ఆడవాళ్ల మొట్టమొదటి వరల్డ్ కప్ పోటీ గెలిచింది, ఆ సీజన్ టైటిల్ కూడా ఎత్తుకుపోయింది. తర్వాత రోజుల్లో అందరినీ ఓడించిన అమ్మాయిని ఎలెనా అంతకుముందే ఓడించింది. అక్కడ పొగమంచు సాకు ఎక్కడిది?

ఇంకో మాట. ఆ చలికాలంలోనే వాంకూవర్ ఒలింపిక్స్. ఎలెనాకి 19 ఏళ్లు, చేతిలో జూనియర్ ప్రపంచ టైటిల్. కానీ వాంకూవర్‌లో స్కీ జంపింగ్ మగాళ్లకే. జంపర్ అమ్మాయిలు కెనడాలో కోర్టుకెళ్లారు. ఇది వివక్షేనని జడ్జి ఒప్పుకున్నారు. అయితే ఏ పోటీలు పెట్టాలన్నది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయం కాబట్టి నిర్వాహకులను బలవంతపెట్టలేమన్నారు. ఆ ఒలింపిక్స్ కోసం విస్లర్‌లో కట్టిన నార్మల్ హిల్ మీద అప్పటి రికార్డు అమెరికా అమ్మాయి లిండ్సే వాన్‌ది. రికార్డు తనది, పోటీలో మాత్రం చోటు లేదు. చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి చోటు 2014 సోచీలోనే దొరికింది. వరల్డ్ కప్ 2011 చివర్లో వచ్చింది. 19, 20 ఏళ్లలో మంచి ఊపులో ఉన్నప్పుడు ఎలెనాకి ఒలింపిక్స్ లేవు, వరల్డ్ కప్ లేదు. ఉన్న అతిపెద్ద వేదిక ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. అందులో ఆడవాళ్లకు చోటిచ్చిందే 2009 లిబెరెట్స్‌లో. రెండోసారికే ఈమె వెండి తెచ్చింది.

బెజవాడ76:
హింటర్‌జార్టెన్ సంగతి నాకు తెలియదు తమ్ముడూ, అది బలమైన పాయింటే. కానీ ఓస్లో తర్వాత వరల్డ్ కప్ రావడానికి పది నెలలు కూడా పట్టలేదు. ఎలెనాకి అప్పుడు 21. ముసలిదైపోలేదు కదా! హెండ్రిక్సన్, జపాన్ సారా తకనాషి, ఇరాష్కో గెలుస్తూ పోయారు, ఈమె వెనకబడింది. వేదిక లేదన్న మాట 2011 వరకే చెల్లుతుంది.

ఇంకోటి. సారా తకనాషి సోచీకి ముందు ఎదురులేకుండా గెలుస్తూ వచ్చి, అక్కడ నాలుగో స్థానంలో ఆగిపోయింది. అయినా ఆమెను ఎవరూ తక్కువ చేయరు, 60కి పైగా వరల్డ్ కప్ పోటీలు గెలిచింది కాబట్టి. ఒక్క చెడ్డరోజు ఆమె గొప్పతనాన్ని చెరపలేదు. మరి ఒక్క మంచిరోజు గొప్పతనాన్ని తెచ్చిపెడుతుందా?

వాలుదారి:
ఈ తకనాషి ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. ఒక చిన్న విషయం కలుపుతాను. సోచీలో తకనాషి వెనకే ఐదో స్థానంలో వచ్చింది ఇటలీ ఎవెలిన్ ఇన్సామ్. ఎలెనాదీ ఈమెదీ వాల్ గార్డేనా లోయే. ఆల్ప్స్‌లో లదీన్ భాష మాట్లాడే చిన్న లోయ అది. అంత చిన్నచోటు నుంచి మూడేళ్లలో ప్రపంచ వెండి, ఒలింపిక్ ఐదో స్థానం వచ్చాయంటే అక్కడ నేర్పేవాళ్లున్నారు, దూకే పిల్లలున్నారు. ఎలెనా గాలివాటున వచ్చిన మనిషి కాదు.

గొప్ప అన్న మాట మాత్రం నేను ఇటలీ మగ జంపర్ రొబెర్తో చెకోన్‌కి దాచుకుంటాను. 1992లోనూ 1994లోనూ స్కీ ఫ్లైయింగ్ (ఇంకా పెద్ద కొండల మీంచి దూకే పోటీ) ప్రపంచ పోటీల్లో కంచు తెచ్చాడు.

సిక్కోలు:
చెకోన్ గొప్పవాడే. కానీ ఆయన కుర్రతనానికే వరల్డ్ కప్ ఉంది, ఒలింపిక్స్ ఉన్నాయి. ఇద్దరినీ ఒకే త్రాసులో ఎలా తూస్తాం?

మా జిల్లా సంగతి చెప్తాను. కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ ఛాంపియన్. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000 సిడ్నీలో పెట్టేసరికి ఆమె 54 కిలోల విభాగం దాటి 69 కిలోలకి వెళ్లింది, కంచు తెచ్చింది. 1996లోనే పెట్టి ఉంటే? మా ఇంట్లో మా నాన్న ఇప్పటికీ అడుగుతాడు ఈ ప్రశ్న. ఆమె కెరీర్‌ని ఆ ఒక్క కంచుతో కొలిస్తే మనం ఊరుకుంటామా?

అన్నా, మీ తకనాషి మాట న్యాయమే, ఒప్పుకుంటున్నాను. 2011 తర్వాత ఎలెనా ముందువరసలో నిలవలేదు. గొప్ప అన్న మాట వదిలేస్తాను. అదృష్టం అన్న మాట మీరు వదిలేయండి.

బెజవాడ76:
సరే, అదృష్టం అన్నమాట తీసేస్తున్నాను. హెండ్రిక్సన్‌ని ముందే ఓడించిందని తెలిస్తే ఈ చర్చకి పేరు ఇలా పెట్టేవాణ్ణి కాదు. గొప్ప కాదన్న దగ్గర మాత్రం ఉంటాను.

లెక్కల మాస్టారు:
2026 మిలానో కోర్టినా ఒలింపిక్స్ కార్యక్రమంలో ఆడవాళ్లకి లార్జ్ హిల్ (పెద్ద కొండ) పోటీ చేర్చారు, వేదిక ఇటలీలోని ప్రెదాజ్జో. అదే కార్యక్రమంలో స్కీ జంపింగ్, క్రాస్ కంట్రీ స్కీయింగ్ కలిపి ఆడే నార్డిక్ కంబైన్డ్ మాత్రం ఆడవాళ్లకి లేదు. ఇటలీకే చెందిన అన్నికా సీఫ్ ఆ ఆట వదిలి స్కీ జంపింగ్‌కి మారింది. సిక్కోలు చెప్పిన కథ ఇంకో ఆటలో ఇంకా నడుస్తోంది.