ఫలితాలను బట్టి నిధులంటే, చీమకుర్తిలో పని చేసే మా పిల్లలు ఏ లెక్కలోకి వస్తారు?

గుండ్లకమ్మ:
ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఐటీఐ నిర్వహణ కమిటీలో స్థానిక పరిశ్రమల తరఫున ఏడాదిగా సభ్యుడిగా ఉన్నాను. నాది మోటార్ల రీవైండింగ్ షాపు. 2007లో కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐలను పరిశ్రమల భాగస్వామ్యంతో బాగుచేయడానికి ఒక్కో కమిటీకి 2.5 కోట్ల రూపాయలు వడ్డీ లేని అప్పుగా ఇచ్చిన పథకంలో మా సంస్థ కూడా చేరింది. పదేళ్ల విరామం తర్వాత 20 వార్షిక వాయిదాల్లో తీర్చవలసిన ఆ అప్పు ఇంకా నడుస్తూనే ఉంది. దానితో కొన్న సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే లోహం చెక్కే యంత్రం) మాత్రం నేర్పే ఏటీవో (ఐటీఐ శిక్షకుడు) లేక ప్లాస్టిక్ కవరు కిందే ఉంది. కవరు మీది దుమ్ములో ఎవరో కుర్రవాడు వేలితో తన పేరు రాసుకున్నాడు.

ఇప్పుడు ఐటీఐలను బాగుచేసే కొత్త పథకం పీఎం సేతు కింద, హబ్బుకు (చుట్టుపక్కల ఐటీఐలకు కేంద్రంగా ఉండే పెద్ద ఐటీఐకి) అనుబంధంగా మా సంస్థ చేరే విషయం చర్చకు వచ్చింది. 2025 మే నెలలో మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం విలువ 60,000 కోట్లు. అందులో కేంద్రం వాటా 30,000 కోట్లు, రాష్ట్రాలది 20,000 కోట్లు, పరిశ్రమలది 10,000 కోట్లు. మొత్తం 1,000 ఐటీఐలలో 200 హబ్బులు, మిగిలిన 800 వాటి చుట్టూ ఉండేవి. ఈసారి నిధులు ఫలితాల ఆధారంగా, అంటే ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అన్న లెక్కను బట్టి వస్తాయని అంటున్నారు, అదే నా సందేహం. మా వెల్డర్ పిల్లలు చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలోను, ఎలక్ట్రీషియన్ పిల్లలు కొత్తపట్నం నుంచి నెల్లూరు వరకు రొయ్యల చెరువుల దగ్గర నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటార్ల పనిలోను కుదురుకున్నారు. ఎవరికీ నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు. కనుక మా రిజిస్టరు ప్రకారం వారంతా నిరుద్యోగులే. ఇలాంటి కొలతకు ఒప్పుకొని చేరడం మంచిదేనా?

పెన్నగట్టు:
అయ్యా, నేను నెల్లూరు వైపు ఐటీఐలలో వెల్డర్ ట్రేడు ఏటీవోగా పని చేసి విరమించాను. కొలత సంగతికి ముందు సొమ్ము సంగతి చెప్పనివ్వండి. ఏ పథకమైనా యంత్రం కొనడానికి ఉదారంగా ఇస్తుంది గాని, ఆ యంత్రం దగ్గర నిలబడే మనిషి జీతానికీ, రోజూ కాలిపోయే సరుకుకూ చేయి బిగిస్తుంది. నిలువు అతుకు చేతికి రావాలంటే పిల్లవాడు కొన్ని వందల వెల్డింగ్ రాడ్లు కాల్చాలి. మాకు వచ్చిన కోటాలో ఒక్కొక్కరికి రోజుకు నాలుగు దక్కితే గొప్ప. కార్తీక మాసపు వానలకు స్టోరు గదిలో పెట్టెలు చెమ్మగిల్లితే, ఆ 3.15 మిల్లీమీటర్ల రాడ్లను వరండాలో గోనెపట్టా మీద ఎండబెట్టి, పూత రాలనివి ఏరుకొని ప్రాక్టికల్ పరీక్ష జరిపించిన సంవత్సరాలు ఉన్నాయి. అదే సంవత్సరాల్లో మా ఉత్తీర్ణత శాతం చాలా బాగుండేది. అందుకే ఆ శాతం మీద నాకు నమ్మకం లేదు.

ఉద్యోగాల లెక్క మీదా అంతకన్నా ఎక్కువ నమ్మకం లేదు. ఒకసారి తడ వైపు ఫ్యాక్టరీ ఒకటి జాబ్ మేళా పెట్టి మా పిల్లలకు ఆఫర్ లెటర్లు ఇచ్చింది. గది అద్దె, తిండి పోను ఇంటికి పంపడానికి ఏమీ మిగలక సగం మంది సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్లలేదు. లెక్కలో మాత్రం అందరూ ఉద్యోగస్థులే. మీ చీమకుర్తి పిల్లలు దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ.

చేరవద్దని నేను అనను. అయితే మీ 11 మంది కమిటీలో అధ్యక్షుడితో కలిపి పరిశ్రమల వారు ఐదుగురు ఉంటారు, ప్రిన్సిపాల్ సభ్య కార్యదర్శి. చేరే ముందే ఏటీవో ఖాళీలు, ముడి సరుకుకు ఏటేటా కేటాయింపు అనే రెండు విషయాలు తీర్మానంలో రాయించండి. నోటి మాటగా అడిగితే మినిట్స్‌లోకి ఎక్కదు.

మన్నేరు:
నేను చీమకుర్తి దగ్గర చిన్న పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను, 17 మంది పని చేస్తారు. తప్పు కొంత మా వైపూ ఉందని ఒప్పుకుంటాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది గాని అంతకు మించి గాని ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నాలుగు నుంచి 29 మంది ఉన్నవారికి అది ఐచ్ఛికం. ఐచ్ఛికం అన్నాక మాలో ఎవరూ ఆ జోలికి పోరు. అప్రెంటిస్‌లను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్లో పేరు ఎక్కితే రేపు ఏ తనిఖీకి ఎవరు వస్తారోనన్న భయం ఒకటి, అది నింపడానికి కూర్చునే గుమాస్తా లేకపోవడం ఇంకొకటి.

నిరుడు మా అల్లుడి పోరు పడలేక ఇద్దరు ఐటీఐ పిల్లలను నమోదు చేశాను. స్టయిపెండులో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తోంది. తనిఖీకి ఇంతవరకు ఎవరూ రాలేదు. ఒప్పందం పోర్టల్లో ఉంది కనుక వారు ఎక్కడ పని చేస్తున్నారో ఎవరైనా చూడవచ్చు. గుండ్లకమ్మ గారు మా సంఘం సమావేశానికి ప్రిన్సిపాల్ గారిని తీసుకువచ్చి, ల్యాప్‌టాప్ ముందు పెట్టి అక్కడికక్కడే నింపిస్తే పది యూనిట్లయినా ముందుకు వస్తాయి. సర్క్యులర్ పంపితే ఒక్కటీ రాదు.

గుండ్లకమ్మ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అప్రెంటిస్ నమోదు అనగానే పెద్ద కంపెనీల వ్యవహారమని ఇన్నాళ్లు అనుకున్నాను, నాకూ షాపులో ఆరుగురు ఉన్నారు. మొదటి పేరు అక్కడి నుంచే ఎక్కిస్తాను. పెన్నగట్టు గారు చెప్పిన రెండు విషయాలతో పాటు, సొంతంగా షాపు పెట్టుకున్న పిల్లవాడిని కూడా ఉపాధి పొందినవాడిగానే లెక్కించాలన్న మూడో మాటను తీర్మానంలో చేరుస్తున్నాను. ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను, దయచేసి భాష సరిచూడండి. మన్నేరు గారూ, మీ సంఘం సమావేశం ఏ రోజో తెలియజేయండి.