పెల్లెట్ గ్రిల్‌లో వేడి నిలకడగా ఉండట్లేదు: కంట్రోలర్ మార్చాలా, అక్కర్లేదా?

పొగమబ్బు

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా వాడుతున్న నా పెల్లెట్ గ్రిల్ (రంపపు పొట్టుతో చేసిన చిన్న పుల్లలను, అంటే పెల్లెట్లను, కాల్చి వండేది) ఈ రెండు నెలల నుంచి నన్ను కుదురుగా కూర్చోనివ్వట్లేదు. 110 డిగ్రీల సెల్సియస్ పెడితే డిస్‌ప్లే ఒకసారి 92 చూపిస్తుంది, పావుగంటలో 138కి ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. పోయిన ఆదివారం ఐదు గంటలు నడిచాక మంట పూర్తిగా ఆరిపోయింది. నేను చూసుకునేసరికి లోపల 50 డిగ్రీలే ఉంది. హాపర్‌లో, అంటే పెల్లెట్లు పోసే తొట్టిలో, అవి మాత్రం సగానికి పైనే ఉన్నాయి. కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో "కంట్రోలర్ పోయింది, కొత్తది వేసుకోండి" అని తేల్చేశారు. వేడిని బట్టి పెల్లెట్లు ఎంత పడాలో నిర్ణయించే పెట్టె అది.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. వేడి మితిమీరడం, మంట ఆరిపోవడం ఒకదానికొకటి వ్యతిరేకం కదా. రెండూ ఒకే పార్ట్ వల్ల జరుగుతాయా? కంట్రోలర్ మార్చేయమంటారా, ముందు చూసుకోవాల్సింది ఇంకేమైనా ఉందా?

నిప్పుకణిక

మార్చేయండి అన్నా, ఆలోచించకండి. మీది పాత రకం కంట్రోలర్ అని ఆ ఊపు చూస్తేనే తెలిసిపోతోంది. వేడి తగ్గితే అది ఆగర్‌ని (పెల్లెట్లను మంటలోకి తోసే మర) ఆపకుండా తిప్పుతుంది. పెట్టిన అంకె దాటగానే కొన్ని సెకన్లు తిప్పి, నిమిషం పైగా ఆపి, మళ్లీ కొన్ని సెకన్లు తిప్పుతుంది. మధ్యేమార్గం దానికి తెలియదు. కానీ ఫైర్ పాట్‌లో (పెల్లెట్లు మండే గిన్నె) ఇప్పటికే పడిన పెల్లెట్లు ఆగర్ ఆగినంత మాత్రాన మండడం మానవు కదా! అందుకే 110 దాటి 138 దాకా పోతుంది.

పీఐడీ కంట్రోలర్ అలా కాదు. వేడి ఎంత తక్కువుంది, ఎంతసేపటి నుంచి తక్కువుంది, ఎంత వేగంగా మారుతోంది అని మూడూ లెక్కేసుకుని, దగ్గరపడే కొద్దీ పెల్లెట్లు తగ్గిస్తూ వస్తుంది. నేను మార్చాక అటూ ఇటూ మూడు నాలుగు డిగ్రీలకు మించి ఊగడం చూడలేదు.

బూడిదగంప

కంట్రోలర్ల గురించి నిప్పుకణిక గారు చెప్పిన వివరం సరైనదే. మార్చేయమన్న సలహాతోనే నాకు పేచీ. ఈ గ్రిల్ మూడేళ్లు బాగా నడిచింది. కంట్రోలర్ రకం మూడేళ్ల క్రితం కూడా ఇదే. మరి ఈ రెండు నెలల్లో కొత్తగా ఏం మారింది? ముందు దాన్ని పట్టుకోవాలి.

పొగమబ్బు గారూ, ఒక మాట అడుగుతాను. వేడి 138కి పోతోందని మీరు పీ-సెట్టింగ్ ఏమైనా పెంచారా? తెలియనివారి కోసం: ఆగర్ రెండు విడతల మధ్య ఎంతసేపు ఆగాలో చెప్పేది ఈ సెట్టింగ్. చాలా పాత కంట్రోలర్లలో ఒక్కో మెట్టు పెంచితే విరామం పది సెకన్లు పెరుగుతుంది.

ఎందుకు అడుగుతున్నానంటే, మీ రెండు సమస్యల వెనక ఒకే కారణం ఉందని నా అనుమానం. వేడిని కొలిచి కంట్రోలర్‌కి చెప్పే ప్రోబ్ మీద గ్రీజు, మసి గట్టిగా పేరుకుంటే అది వేడిని ఆలస్యంగా పట్టుకుంటుంది. లోపల నిజంగా 110 దాటినా ప్రోబ్ ఇంకా 100 దగ్గరే ఉందని చెబుతుంది. కంట్రోలర్ ఆ మాట నమ్మి పెల్లెట్లు తోస్తూనే ఉంటుంది. ప్రోబ్‌కి నిజం తెలిసేసరికి ఫైర్ పాట్ నిండుగా మండుతుంటుంది. దిగేటప్పుడూ ఇదే తంతు. ఆ ఎక్కువ వేడిని తగ్గించాలని మనిషి పీ-సెట్టింగ్ పెంచుతాడు. విరామం పెరుగుతుంది, మంట చిన్నదవుతుంది. ఆపైన బూడిద గాలి రంధ్రాలను మూస్తే ఆ చిన్న మంట కాస్తా ఆరిపోతుంది.

ప్రోబ్ చూడడం కష్టమేం కాదు. గ్రిల్ లోపలి గోడకు వేలంత పొడవున్న స్టీలు కడ్డీ ఉంటుంది. బట్టను వెనిగర్ కలిపిన నీళ్లలో తడిపి దాన్ని తుడవండి. మెరిసే స్టీలు బయటపడాలి. చాలామంది కడ్డీ నల్లగానే ఉంటుందనుకుంటారు, కాదు.

ఇక ప్రోబ్ లోపల చెడిందో లేదో తెలియాలంటే మల్టీమీటర్ ఉంటే చాలు. ప్లగ్ తీసేసి, కంట్రోలర్ వెనక నుంచి ప్రోబ్ వైర్లు విప్పి కొలవండి. స్విచ్ వేసి డిస్‌ప్లేలో చూద్దామంటే స్టార్టప్ మొదలై పెల్లెట్లు పడిపోతాయి, అందుకే మీటరే మేలు. ఎక్కువ గ్రిల్స్‌లో ఉండేది ఆర్‌టీడీ ప్రోబ్, అంటే వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ పెరిగే రకం. దాని కొసను ఐస్ నీళ్లలో ముంచితే పీటీ1000 రకం సుమారు 1000 ఓమ్‌లు చూపాలి, మరిగే నీళ్లలో సుమారు 1385. పీటీ100 రకమైతే 100, 138.5. మీరు బాగా ఎత్తైన చోట ఉంటే ప్రతి 300 మీటర్లకి నీళ్లు సుమారు ఒక డిగ్రీ తక్కువలోనే మరుగుతాయి, అది లెక్కలోకి తీసుకోండి.

వైర్లు మళ్లీ బిగించేటప్పుడు స్క్రూలు వదులుగా వదలకండి. వదులు కనెక్షన్ రెసిస్టెన్స్‌ను పెంచుతుంది, పెరిగిన రెసిస్టెన్స్‌ను కంట్రోలర్ వేడిగా లెక్కేస్తుంది. పీటీ100లో ఒక్క ఓమ్ అదనంగా చేరినా రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మంట నీరసంగా ఉన్నా కంట్రోలర్ పెల్లెట్లు వేయదు.

నిదానపుసెగ

నేను ఇద్దరితోనూ ఏకీభవించను. అసలు ఇందులో సమస్య ఎంత ఉందో ముందు తేల్చాలి. ఆరిపోవడం సమస్యే, కాదనను. ఊగడం మాత్రం ఈ యంత్రం స్వభావం. ఇది నిప్పు, కరెంటు ఓవెన్ కాదు. 110 పెడితే 98 నుంచి 122 దాకా ఊగడం పాత కంట్రోలర్‌కి మామూలే. మాంసం లోపలికి వేడి మెల్లగా ఎక్కుతుంది, పావుగంటకోసారి వచ్చే ఎత్తుపల్లాలు దానికి తెలియవు. గంటల తరబడి సగటు ఎంతన్నదే ముఖ్యం. పైగా మంట తగ్గి పెల్లెట్లు కునుకుతున్నప్పుడే కదా పొగ బాగా వచ్చేది. పీఐడీ పెట్టాక పొగ వాసన తగ్గిందని బాధపడినవాళ్లను నేను చూశాను.

డిస్‌ప్లేలోని అంకె ప్రోబ్ ఉన్న చోటుదే. మూత మీది గుండ్రటి థర్మామీటర్ మూత దగ్గరి వేడి చెబుతుంది. వండేది ఉన్నది జాలీ మీద. ఈ మూడూ ఒకటి కావు, 15 డిగ్రీల తేడా కూడా రావచ్చు. జాలీ మధ్యలో విడి ప్రోబ్ ఒకటి పెట్టి, మూత తీయకుండా మూడు గంటలు రాసి చూడండి. మూత ఎత్తిన ప్రతిసారీ వేడి పడిపోతుంది, కంట్రోలర్ కంగారుగా పెల్లెట్లు తోస్తుంది, మూత వేశాక ఎగబాకుతుంది. టెన్షన్‌తో ఇరవై నిమిషాలకోసారి మూత తీసి చూసేవాళ్ల గ్రిల్ ఎప్పటికీ కుదురుకోదు.

నిప్పుకణిక

పొగ విషయంలో ఒప్పుకోను. కునికే మంట నుంచి వచ్చేది తెల్లటి చిక్కటి పొగ. అది ఎక్కువసేపు తగిలితే చేదు వస్తుంది. సన్నగా, నీలంగా కనిపించీ కనిపించనట్టు వచ్చే పొగే రుచినిస్తుంది, దానికి చిన్నదైనా శుభ్రంగా మండే మంట కావాలి. పీఐడీ ఇచ్చేది అదే. "స్వభావం" అని సర్దుకుపోతే ఎలా అన్నా? 46 డిగ్రీల ఊపు ఎవరి స్వభావమూ కాదు.

నిదానపుసెగ

46 మామూలు అని నేను అనలేదు. 24 మామూలు అన్నాను. బూడిదగంప గారు చెప్పింది చేశాక 24కి దిగితే అక్కడ ఆగమంటున్నాను.

పొగమబ్బు

బూడిదగంప గారూ, పీ-సెట్టింగ్ పెంచిన మాట నిజం. 2 నుంచి 5కి పెంచాను. అది జరిగిన వారానికే మంట ఆరింది. మీరు అడిగేదాకా ఈ రెండింటినీ కలిపి చూడాలని తట్టలేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆరిపోయిన రోజు నేను మూత తీసి, స్విచ్ ఆపి, వెంటనే మళ్లీ వేశాను. మొదట దట్టంగా పసుపు పొగ వచ్చింది, తర్వాత ఒక్కసారిగా భగ్గుమని లేచింది. మూత తెరిచే ఉంది కాబట్టి సరిపోయింది.

బూడిదగంప

ఇది చదివి నాకు గుండె ఝల్లుమంది. కంట్రోలర్ గొడవ పక్కన పెట్టి ఇది అందరూ చదవండి.

మంట ఆరిందని కంట్రోలర్‌కి వెంటనే తెలియదు. వేడి తగ్గుతోందని మాత్రమే తెలుస్తుంది, కాబట్టి ఆరిన పాట్‌లోకి పెల్లెట్లు తోస్తూ పోతుంది. మీరు చూసేసరికి పాట్ నిండి పక్కలకు పొంగి ఉంటుంది. అప్పుడు స్విచ్ వేస్తే ఇగ్నైటర్ ఆ కుప్పనంతా కింద నుంచి రాజేస్తుంది. మండని పొగ గ్రిల్ నిండా చేరి, నిప్పు అందుకోగానే ఒక్క ఊపున అంటుకుంటుంది. మూత మూసి ఉంటే మూతనే ఎత్తి పడేయగలదు.

కాబట్టి మంట ఆరితే స్విచ్ ఆపండి, ప్లగ్ తీయండి, చల్లారనివ్వండి. వండేదాన్ని ఓవెన్‌లోకి మార్చండి. జాలీ, డ్రిప్ ట్రే, దాని కింది రేకు తీసి, పాట్‌లోని పెల్లెట్లన్నీ చేత్తో ఖాళీ చేశాకే మళ్లీ వెలిగించండి. బూడిదలో కణికలు గంటల తరబడి బతికే ఉంటాయి. పూర్తిగా చల్లబడకుండా వ్యాక్యూమ్ పెట్టకండి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనప బకెట్‌లోనే పోయండి. వంట అయిపోయాక ప్లగ్ పీకేసే అలవాటు కూడా వద్దు, షట్‌డౌన్ పూర్తికానివ్వండి. మిగిలిన పెల్లెట్లు కాలిపోయేదాకా ఫ్యాన్ తిరగాలి. లేకపోతే నిప్పు ఆగర్ గొట్టంలోకి వెనక్కి పాకే ప్రమాదం ఉంది.

పెల్లెట్‌బస్తా

ఇంతసేపూ ఎవరూ పెల్లెట్ల ఊసెత్తలేదు. హాపర్ సగానికి పైగా ఉండగా మంట ఆరింది అన్నారు. పెల్లెట్లు మధ్యలో గుంటలా దిగి, పక్కలవి గోడకు అంటుకుని అలాగే నిలబడతాయి. పైనుంచి చూస్తే నిండుగా కనిపిస్తుంది, కింద ఆగర్ ఉత్తినే తిరుగుతుంటుంది. పొడి ఎక్కువైతే ఇది ఎక్కువ. రెండు గంటలకోసారి హాపర్‌లో ఒకసారి కలియబెట్టండి.

ఒక పెల్లెట్ తీసి విరిచి చూడండి. మంచిది టప్‌మని తెగుతుంది, పైన నున్నగా మెరుపుంటుంది. చెమ్మ పట్టింది మెత్తగా వంగి పొట్టు రాలుస్తుంది. పెల్లెట్ అంటే రంపపు పొట్టును ఒత్తిడితో నొక్కి చేసిన పుల్ల. చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఆ ఒత్తిడిలో పుట్టే వేడికి మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది, వేరే బంక అక్కర్లేదు. నీళ్లు తగిలితే మళ్లీ పొట్టే. బాగున్న పెల్లెట్లలో తేమ పది శాతం లోపే ఉంటుంది. అది పెరిగితే మంటలో కొంత శక్తి నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, వేడి సరిగా ఎక్కదు. వాన తగిలిన హాపర్‌లో పెల్లెట్లు ఉబ్బి ఆగర్‌లో సిమెంటులా గడ్డకడితే ఇక మోటారు తిరగదు.

పొగమబ్బు

నిన్నా ఇవాళా కూర్చుని అన్నీ చూశాను. ఇదీ సంగతి.

ప్రోబ్ మీద బెరడులా నల్లటి పొర ఉంది. గోరుతో గీస్తే పెచ్చులుగా ఊడింది. తుడిచాక మల్టీమీటర్ పెట్టాను. ఐస్ నీళ్లలో 1004 ఓమ్‌లు, మరిగే నీళ్లలో 1386. అంటే ప్రోబ్ బాగానే ఉంది, దాని మీద ముసుగుంది. ఫైర్ పాట్‌లో రెండు వేళ్ల మందాన బూడిద, కింది వరస రంధ్రాల్లో సగం మూసుకుపోయాయి. హాపర్ అడుగున గుప్పెడు పొడి. పెల్లెట్లు విరిచాను, టప్‌మనే తెగాయి, వాటి తప్పు లేదు.

అన్నీ శుభ్రం చేసి, పీ-సెట్టింగ్ మళ్లీ 2కి దించి, జాలీ మీద విడి ప్రోబ్ పెట్టి నాలుగు గంటలు నడిపాను. మూత ఒక్కసారి కూడా తీయలేదు. డిస్‌ప్లే 100కి, 122కి మధ్య తిరిగింది. జాలీ దగ్గర పది నిమిషాలకోసారి రాసిన అంకెల సగటు 107. మంట ఆరలేదు.

నిప్పుకణిక

సంతోషం. శుభ్రత గురించి నేను ముందే అడగాల్సింది, అక్కడ తొందరపడ్డాను. కానీ 22 డిగ్రీల ఊపు ఇంకా ఉంది. రాత్రంతా నడిపే వంటకి, బయట చలిగాలి వీచేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. అప్పుడు పీఐడీ విలువ తెలుస్తుంది. నా మాట అదే, కాకపోతే ఇప్పుడు తొందర లేదంటాను.

బూడిదగంప

గాలి మాట నిజమే. దానికి ముందు గ్రిల్‌ను గాలికి అడ్డంగా కాకుండా తిప్పి చూడండి, పొగగొట్టం వైపు నుంచి గాలి కొట్టకుండా. చలికాలానికి గ్రిల్ మీద కప్పే ఇన్సులేషన్ దుప్పటి కూడా పనిచేస్తుంది. అప్పటికీ రాత్రి వంట నిలవకపోతే పీఐడీ కొనుక్కోండి, నేనేం అడ్డుపడను.

పొగమబ్బు

కంట్రోలర్ ఆర్డర్ ఆపేశాను. శనివారం రాత్రి పది గంటలకు వెలిగించి తెల్లారేదాకా నడుపుతాను. జాలీ దగ్గరి అంకెలు గంటకోసారి రాసి ఇక్కడే పెడతాను. పెల్లెట్‌బస్తా గారూ, నిద్రలో హాపర్ కలియబెట్టడం కుదరదు కదా, దానికేమైనా మార్గం ఉందా?

పెల్లెట్‌బస్తా

పెల్లెట్లు పోసేముందు జల్లెడ పట్టి పొడి తీసేయండి. హాపర్ గోడలు పొడిబట్టతో తుడిచి నున్నగా ఉంచండి. పడుకునే ముందు ఒకసారి కలిపి, పైదాకా నింపండి. జాలీ ప్రోబ్‌కి అలారం ఉంటే 90 దగ్గర పెట్టుకోండి, మంట తగ్గితే అదే లేపుతుంది.