కార్చిచ్చు పొగ ధ్రువాల దగ్గర వేడి పెంచుతుందా, తగ్గిస్తుందా?

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, బడిలో సైన్స్ చెప్తాను. ఇక్కడ యాసంగి కోతలయ్యాక కొయ్యకాళ్లు కాలిస్తే ఆ మసి దండెం మీది బట్టల మీద పడుతుంది, పొగ కొన్నాళ్లకు పోతుంది. 2019-20లో ఆస్ట్రేలియా అడవుల పొగ మాత్రం స్ట్రాటోస్ఫియర్ (మబ్బులకు పైన ఉండే గాలి పొర) దాకా ఎక్కి, నెలల తరబడి ఉండి, అక్కడి క్లోరిన్‌ను రెచ్చగొట్టి ఓజోన్‌ను దెబ్బతీసిందని పిల్లలకు చెప్పాను. మంచు మీద పడ్డ మసి ఎండను పీల్చుకుని దాన్ని త్వరగా కరిగిస్తుందనీ చెప్పాను. అయితే గాల్లో ఉన్న పొగ ఎండను అడ్డుకుంటుంది కదా సార్, చల్లబడాలి కదా అని పదో తరగతి పాప అడిగింది. చాలా మంచి ప్రశ్న. కింద తెల్లటి మంచు ఉంటే ఒకలా, నల్లటి సముద్రం ఉంటే ఇంకోలా ఉంటుందా? వేసవిలో ఆర్కిటిక్‌లో (ఉత్తర ధ్రువం చుట్టూ) మొత్తం మీద వేడెక్కడం ఎక్కువా, చల్లబడటం ఎక్కువా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, బడిలో చేసి చూపించే ప్రయోగం ఏదైనా ఉంటే అదీ రాయండి.