అలారం పెట్టుకొని అమ్మకు ఫోన్ చేస్తే అది ప్రేమ అవుతుందా?

ప్రశ్న (స్వస్థలం కందుకూరు, ఉద్యోగం చెన్నై):
నాన్నగారు పోయినప్పటి నుంచి మా అమ్మ కందుకూరులో ఒంటరిగా ఉంటోంది. పని ఒత్తిడిలో మరిచిపోతానేమోనన్న భయంతో రాత్రి ఎనిమిదింటికి అలారం పెట్టుకొని రోజూ ఫోన్ చేస్తున్నాను. "తిన్నావా అమ్మా?" అంటే "ఆఁ, తిన్నా నాయనా, ఉంటా" అని నిమిషంలో పెట్టేస్తుంది. అలారం మోగితే తప్ప గుర్తురానిది ప్రేమ కాదని, హాజరు వేయించుకోవడమని నా భార్య అంటోంది. ఆ మాట నన్ను కలవరపెడుతోంది.

జవాబు (నెల్లూరు):
గుర్తుపెట్టుకొని చేయడం తప్పు కాదండీ. మా ఊరి రొట్టెల పండుగే చూడండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, కోరిక ఉన్నవారు అది తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి, ముక్కూ మొహం తెలియని మరొకరికి ఇస్తారు. ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. ఆరోగ్యం కోరి ఆరోగ్య రొట్టె అందుకున్న మా అత్తగారు మరుసటి ఏడాది పండుగకు రోజులు లెక్కపెట్టుకొని, తెల్లవారుజామునే రొట్టెలు కాల్చి తెల్లగుడ్డలో చుట్టుకొని వెళ్లారు. అది మొక్కుబడిగా చేసిన పని అని ఎవరంటారు? అయితే ఆ చెరువులో ఎవరికి ఏ రొట్టె కావాలో అడిగి తెలుసుకునే ఇస్తారు. మీ అమ్మగారికి ఏం కావాలో మీరు అడిగారా?

జవాబు (ఒంగోలు):
నాకు మరో అనుమానం. ఆవిడకు మాట సరిగా వినిపిస్తోందా? వయసుతో వచ్చే వినికిడి లోపంలో సన్నని ధ్వనులు ముందుగా పోతాయి కనుక స, త వంటి హల్లులు జారిపోయి, గొంతు వినిపిస్తూనే మాట అర్థం కాదు. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. ఎదురుగా కూర్చొని, పెదవులు కనిపించేలా, నెమ్మదిగా మాట్లాడాలి. ఒక్కోసారి చెవిలో గుబిలి గట్టిపడినా ఇలాగే ఉంటుంది. చెవి డాక్టరుకు చూపించి వినికిడి ఎంత ఉందో కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. మా నాన్నగారి విషయంలో ఇది తెలుసుకోవడానికి మాకు మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ ఆయనకు మా మీద మనసు లేదనుకున్నాం.

ప్రశ్న అడిగినవారు:
ఆదివారం వెళ్లాను. టీవీ చప్పుడు వీధి మొగ దాకా వినిపిస్తోంది. వంటింట్లో వెనక నుంచి రెండుసార్లు పిలిచినా అమ్మ తిరగలేదు. టీవీ కట్టేసి ఎదురుగా కూర్చుంటే గంటన్నర మాట్లాడింది. "ఫోన్‌లో నీ మాట సగం తెలిసేది కాదు, మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటావేమోనని పెట్టేసేదాన్ని నాయనా" అంది. శనివారం డాక్టరు దగ్గరికి తీసుకువెళుతున్నాను. అలారం తీసేయలేదు, ఆమె సీరియళ్లు అయిపోయే తొమ్మిదిన్నరకు మార్చుకొని, వీడియో కాల్ చేస్తున్నాను.