‘గద్దె దించారు’ అని ఎప్పుడు రాయాలి?

నీలాంబరి: మా పాప ఎనిమిదో తరగతి. సోషల్ ప్రాజెక్టులో “1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించారు” అని రాసింది. టీచర్ గారు “బర్తరఫ్ చేశారు” అని దిద్దారు. రెండూ ఒకటే కదమ్మా అంటుంది. ఏం చెప్పాలో తెలియక అడుగుతున్నాను.

పాత సబ్ ఎడిటర్: టీచర్ గారు దిద్దింది సబబేనమ్మా. ఎవరు తీసేశారన్నది చూడాలి. ఆ ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించారు. పైనున్నవారు ఉత్తర్వు ఇచ్చి తీసేస్తే అది బర్తరఫ్. ఫార్సీ మాట, ‘పక్కకు’ అని అర్థం. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1989లో మాత్రం ఓటర్లే గద్దె దించారు. ఈ రెండూ కలిపి రాస్తే మా డెస్క్ ఇన్‌ఛార్జి కాపీ వెనక్కి ఇచ్చేసేవారు.

ములుగు వాసి: మాకు గద్దె అనగానే మేడారం గుర్తొస్తుంది. సమ్మక్క, సారలమ్మ గద్దెల మీదికి వస్తారు, తర్వాత వనప్రవేశం చేస్తారు. అమ్మలను ‘దించారు’ అని మా ఇంట్లో ఎవరూ అనరు. ఆ మాటలో బలవంతం ఉంది.

నీలాంబరి: మరి దించారా, దింపారా?

పాత సబ్ ఎడిటర్: రెండూ ‘దిగు’ నుంచి వచ్చినవే. పిల్లల్ని బడి దగ్గర దింపుతాం, నెత్తిమీద బరువు దించుతాం. గద్దె విషయంలో నా చెవికి ‘దించారు’ బాగుంటుంది. ‘గద్దె దించబడ్డారు’ అని మాత్రం రాయనివ్వకండి, అది తెలుగు నడక కాదు.

అర్చకుల అబ్బాయి: ‘మంత్రికి ఉద్వాసన’ అనే హెడ్డింగ్ చూస్తే నాకు బాధగా ఉంటుంది. పూజ అయ్యాక దేవుణ్ణి భక్తితో సాగనంపడం ఉద్వాసన. ‘పదవీచ్యుతుడు’ మాత్రం చక్కని మాట. చ్యుతుడంటే జారినవాడు. ఎప్పుడూ జారనివాడు కాబట్టే విష్ణువు అచ్యుతుడు.

ఒంగోలు పాఠకుడు: అసెంబ్లీలో ఓడిపోతే ఏమనాలి? 1954లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పోయింది.

పాత సబ్ ఎడిటర్: ‘పడిపోయింది’ చాలండి. పడగొట్టారన్నా తప్పులేదు.

నీలాంబరి: పాపకు చదివి వినిపించాను. 1984 పక్కన బర్తరఫ్ ఉంచి, కింద 1989 గురించి ఇంకో వాక్యం రాసుకుంది, ‘గద్దె దించారు’ అని.