ఒకే గదిలో మా ఆవిడకు బేస్ ఎక్కువ, నాకు అసలు లేదు. 12 అంగుళాల సబ్ కొనాలా?

ఎమ్మార్ పల్లె, తిరుపతి

అందరికీ నమస్కారం. పై పోర్షన్‌లో ఉంటాం. బెడ్‌రూమ్ పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా 10. టీవీ చిన్న గోడకు ఉంది. ఐదు స్పీకర్ల 5.1 సెట్, దాంతోపాటు 8 అంగుళాల సబ్ ఊఫర్, అంటే బేస్ ఒక్కటే పలికే పెట్టె. బీరువా పక్కన మూలలో తప్ప సబ్‌కు చోటు లేక అక్కడే పెట్టాను.

మంచం తలవైపు వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడ మా ఆవిడ, పాప దిండ్లు వేసుకుని కూర్చుంటారు. నేను కాళ్లవైపు అంచున కూర్చుంటాను. మాటలు బాగానే వినిపిస్తాయి, పాటలో తబలా పలుకుతుంది, కానీ కింద ఉండాల్సిన ఆ బరువు నాకు రావడం లేదు. ఆవిడేమో "గుండె అదురుతోంది, తగ్గించండి" అంటుంది. నేను పెంచితే బీరువా తలుపు గడగడలాడుతుంది.

ఒక షాపులో చెప్పారని 3,200 పెట్టి అంగుళం మందం ఫోమ్ షీట్లు గోడకు అంటించాను. బేస్‌లో మార్పేమీ లేదు. మళ్లీ వెళ్లి అడిగితే 12 అంగుళాల సబ్ కొనమన్నారు, ఇరవై వేల పైమాటే. వచ్చే నెల చీటీ డబ్బులు వస్తాయి. అవి దీనికి పెట్టాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మైక్ సెట్, కట్టమంచి, చిత్తూరు

తమ్ముడూ, చీటీ డబ్బులు ముట్టుకోవద్దు. మీ సబ్ బాగానే ఉంది. మీరిద్దరూ చెప్పేదీ నిజమే.

నడివీధి గంగమ్మ జాతరకు బాక్సులు కట్టేవాణ్ణి నేను. వీధిలో, మైదానంలో బేస్ పోయింది పోయినట్టే, తిరిగి రాదు. మీ గదిలో అలా కాదు. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద టైల్స్. బేస్‌ను ఏదీ పీల్చుకోదు, అక్కడక్కడే కొట్టుకుంటుంది.

ఒక తొట్టిలో నీళ్లు పోసి అటూ ఇటూ ఊపి చూడండి. అంచుల దగ్గర నీళ్లు ఎగిసిపడతాయి, నడిమధ్యలో మట్టం దాదాపు కదలదు. గదిలో గాలి కూడా అంతే. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీ 12 అడుగులంటే 3.66 మీటర్లు. 343ను దానికి రెట్టింపుతో భాగిస్తే 47 వస్తుంది. అంటే 47 హెర్ట్జ్ (సెకనుకు 47 ఊపులు) దగ్గర ముందు గోడకూ వెనక గోడకూ మధ్య ఇదే ఊపు. 10 అడుగులకు అదే లెక్క వేస్తే 56. మీ వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి 56 దగ్గర ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, అది ఇంకా ఇబ్బంది.

ఇప్పుడు మీరు కూర్చునే చోటు చూడండి. మంచం ఆరున్నర అడుగులు అనుకుంటే, దాని అంచు 12 అడుగుల గదికి దాదాపు నట్టనడుమ. వెడల్పులో కూడా మధ్యలోనే ఉండి ఉంటారు. 47 పోయింది, 56 పోయింది. ఆవిడ గోడకు ఆనుకుని ఉంది కాబట్టి ఆమెకు రెట్టింపు. 12 అంగుళాల సబ్ తెస్తే ఆవిడకు ఇంకా ఎక్కువవుతుంది, మీ చోట బేస్ లేని గుంట గుంటగానే ఉంటుంది.

చేయాల్సింది ఇది. సబ్‌ను ఎత్తి మంచం మీద, మీరు కూర్చునే చోటే పెట్టండి. సబ్, చెవి చోట్లు మార్చుకున్నా వినిపించేది ఒకటే. మీకు బాగా తెలిసిన, బేస్ గిటార్ వరసగా నడిచే పాట పెట్టి, గోడల వెంబడి నేల మీద వంగి చెవి పెట్టుకుంటూ రండి. ఎక్కడ అన్ని స్వరాలూ సమానంగా వినిపిస్తే అక్కడ సబ్ పెట్టండి. గట్టిగా వినిపించే చోటు కాదు, సమానంగా వినిపించే చోటు. ఆ తర్వాత మీరు కూడా అంచు వదిలి రెండడుగులు వెనక్కి జరగండి.

స్పీకర్లను నడిపే రిసీవర్లో స్పీకర్లన్నీ 'స్మాల్' పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ చేయండి, అంటే 80 కంటే కింది స్వరాలు సబ్‌కు పోతాయి. సబ్ వెనక ఫేజ్ స్విచ్ ఉంటుంది, సబ్ ఊపును మిగతా స్పీకర్ల ఊపుతో కలపడానికి. 0, 180 రెండూ మార్చి చూసి, మీ చోట ఏది నిండుగా ఉంటే అది ఉంచండి.

ఫోమ్ సంగతి. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 22 అడుగులు. అంగుళం ఫోమ్ దానికి అడ్డే కాదు. చప్పట్లు కొడితే వచ్చే గంగుమనే మోత తగ్గుతుంది, అంతవరకే. అంటించారు కదా, ఉండనివ్వండి.

రేణిగుంట రోడ్

అన్న చెప్పింది కరెక్ట్. నేను రెండు మాటలు కలుపుతాను. రిసీవర్‌తో మైక్ వచ్చి ఉంటే, దాంతో గదిని కొలిచి స్పీకర్లను సర్దే ఆటో సెటప్ మళ్లీ చేయండి, సబ్ జరిపాక పాత లెక్క పనికిరాదు. మైక్‌ను పరుపు మీద పెట్టకుండా చెవి ఎత్తులో స్టాండుకు పెట్టండి. ఫ్యాను, ఏసీ రెండూ ఆపండి. మన ఎండలకు ఆ పది నిమిషాలు కష్టమే అయినా తప్పదు.

ముందు ముందు డబ్బు పెట్టాలనుకుంటే ఒక పెద్ద సబ్ బదులు ఇలాంటిదే ఇంకో చిన్నది తీసుకోండి. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెడితే మీ 47 ఊపును ఒకటి ఇటు, ఒకటి అటు నెట్టి చంపేస్తాయి. హర్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టీ 2002లోనే ఎన్ని సబ్‌లు, ఎక్కడెక్కడ అని లెక్కలు వేసి చూపించారు. ఇలా ఎదురెదురు గోడల మధ్యభాగంలో పెట్టిన రెండు సబ్‌లు ఆయన లెక్కల్లో బాగా పనిచేశాయి.

ఎమ్మార్ పల్లె, తిరుపతి

అన్నా, ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి చేశాం. సబ్ మంచం మీద పెట్టి నేను గోడల వెంట పాకాను, ఆవిడ పాట మళ్లీ మళ్లీ పెట్టింది. పాత మూలలో ఒకే స్వరం గుమ్మంటోంది, మిగతావి లేవు. కిటికీ కింద, టీవీ గోడ నుంచి నాలుగడుగుల దగ్గర స్వరాలన్నీ విడివిడిగా వినిపించాయి. సబ్ అక్కడికి మార్చి, నేను వెనక్కి జరిగి కూర్చుంటే మొదటిసారి బేస్ కడుపులో తెలిసింది. ఆవిడ కూడా తగ్గించమనలేదు. ఫేజ్ 180లో బాగుంది.

బీరువా తలుపు సందులో పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాను, గడగడ ఆగింది. కింద ఓనరు పెద్దాయన రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటారు. సబ్ కింద రబ్బరు పెడితే సరిపోతుందా?

మైక్ సెట్, కట్టమంచి, చిత్తూరు

చాలా సంతోషం తమ్ముడూ. రబ్బరు పెడితే నేల గుండా పోయే అదురు తగ్గుతుంది. గాలిలో పోయే బేస్‌ను ఆ స్లాబు పూర్తిగా ఆపలేదు. తొమ్మిదిన్నర తర్వాత రిసీవర్లో నైట్ మోడ్ వేసి సబ్‌ను కొంచెం తగ్గించండి. మాటలు తగ్గవు, పేలుళ్లు తగ్గుతాయి. ఒకసారి మీరే కిందికెళ్లి పెద్దాయన గదిలో నిలబడి వినండి, ఆవిడను పైన ప్లే చేయమనండి.

ఎమ్మార్ పల్లె, తిరుపతి

అలాగే అన్నా. ఇంకొకటి బయటపడింది. బీరువా ఊరుకున్నాక సజ్జ మీద ఇత్తడి బిందె మోగేది ఇప్పుడు వినిపిస్తోంది. రేపు దించుతాను.